ఎద్దుకున్న మర్యాద బండికి లేదా?

ఏటా జూలై రెండో ఆదివారం జావా డే. హైదరాబాదులో, బెంగళూరులో, ఇంకా దేశంలోని పలు పట్టణాల్లో జావా, యెజ్డీ బళ్లున్నవాళ్లు పొద్దున్నే ఒకచోట చేరతారు. బళ్లను వరసగా నిలబెట్టి నలుగురికీ చూపిస్తారు. ఆ ఫొటోలు మధ్యాహ్నానికల్లా మా శిరివెళ్ల దాకా ఫోన్లలో వచ్చేస్తాయి. వాటి వెనకే ఒక మాట కూడా వస్తుంది. నంద్యాల మెకానిక్ షెడ్డులో కూర్చున్నా అదే మాట, ఆళ్లగడ్డలో టీ కొట్టు ముందు నిలబడినా అదే మాట: "పాత ఇనుముకు ఇంత సింగారం ఏందప్పా? ఎవని బండి వాడు ఎక్కి తిరిగితే చాలదా? మైదానంలో పెట్టి ఊరందరికీ చూపిచ్చుకునేదేంది?"

ఈ మాట అనేవాళ్లు నాకు పరాయివాళ్లు కారు. మా మేనమామ అంటాడు. నాతో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు అంటారు. పొదుపుగా బతికి, వస్తువును వస్తువుగా వాడుకోవడం నేర్చినవాళ్లు వీళ్లంతా. కాబట్టి వాళ్ల వాదనను ముందు వాళ్లు ఒప్పుకునే రూపంలోనే, ఏమీ తగ్గించకుండా చెబుతాను.

మోటారు సైకిలు పనిముట్టు. పొలానికీ, ఆఫీసుకూ, ఆసుపత్రికీ పోవడానికి కొనుక్కున్నది. ఇది వాళ్ల మూలసూత్రం. దీని మీద ఐదు అభియోగాలు నిలబెడతారు. ఒకటి, క్లబ్బు పేరుతో సొంత బళ్లను చూపించుకోవడం షోకు తప్ప మరేమీ కాదు. రెండు, జనానికి చూపించాల్సింది కొత్త బళ్లు, ఆ పని కంపెనీలు చేస్తూనే ఉన్నాయి. మూడు, పాత బండికి నిజంగా విలువ ఉంటే దాని చోటు మ్యూజియం. నాలుగు, ఇది డబ్బున్నవాళ్ల సరదా, పల్లెకు దీంతో పనిలేదు. ఐదు, ఇవి చూసి కుర్రాళ్లు వేగానికీ మోతకూ మరుగుతారు, పైగా ఆ పాత ఇంజన్ల పొగ ఒకటి.

వినడానికి ఐదూ సబబుగానే ఉన్నాయి. విప్పి చూస్తే ఒక్కటీ నిలవదు.

1. "ఇదంతా షోకు"

మా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో బండలాగుడు పోటీ చూడనివాడు ఉండడు. సంక్రాంతికో, ఉగాదికో, ఊరి తిరునాళ్లకో ఎద్దుల జతలు వస్తాయి. ఒళ్లు కడిగి, కొమ్ములకు నూనె రాసి, మెడలో గంటలు కట్టి తోలుకొస్తారు. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, సీనియర్లు అని విభాగాలు చేస్తారు. జత బరిలో దిగగానే మైకులో ఊరి పేరు, యజమాని పేరు మోగుతాయి. గట్టు మీద కూర్చున్న పెద్దలు మూపురం చూస్తారు, గిట్టలు చూస్తారు, నడక చూస్తారు. ఏ గింజలు పెడుతున్నావు, ఉలవలు ఎంత, పత్తి గింజలు ఎంత అని అడిగి తెలుసుకుంటారు.

ఆ రైతును ఎవరైనా "ఎద్దులను చూపించుకోను వచ్చినాడు" అని ఎగతాళి చేస్తారా? చెయ్యరు. ఆ ఎద్దు ఒంట్లో కొన్నేళ్ల సాకుడు ఉందని అందరికీ తెలుసు. బరిలోకి తేవడమంటే ఆ సాకుడును పదిమంది ముందు పరీక్షకు పెట్టడం. ఇంటి కొట్టంలో కట్టేసుకున్న ఎద్దు గురించి యజమాని ఎంతైనా చెప్పుకోవచ్చు, బరిలో దాని బలమే చెబుతుంది. ఆళ్లగడ్డలో శిల్పి తాను చెక్కిన విగ్రహాన్ని పని చోటు ముందర నిలబెడతాడు. దాన్నీ షోకు అనం. పనితనం కనబడేలా పెట్టాడు అంటాం.

మరి అదే కొలత మోటారు సైకిలుకు ఎందుకు వర్తించదు? 1970లలో తయారైన ఒక బండి ఇవాళ ఒక్క కిక్కుకు అందుకుంటోందంటే దాని వెనకా సాకుడు ఉంది. అరిగిన సిలిండరును లేత్ మీద బోరు చేయించి, సైజు పెంచిన పిస్టను వేయించి, స్పోకులు ఒక్కొక్కటి బిగించి చక్రం వంకర తీయించి, దొరకని రబ్బరు ముక్క కోసం నాలుగు ఊళ్లు తిరిగినవాడి ఓపిక ఉంది. వరసలో నిలబెట్టినప్పుడు ఆ పనిని తెలిసినవాళ్లు వంగి చూస్తారు. ఏది అసలు, ఏది అతుకు అని అక్కడికక్కడే తేలుస్తారు. అంతకంటే కఠినమైన పరీక్ష ఇంకేముంది?

షోకు అనేవాళ్లు ఇక్కడ రెండు ప్రశ్నలను ఒకటిగా కలిపేస్తున్నారు. యజమానికి గర్వం ఉందా అనేది ఒక ప్రశ్న. చూసినవాడికి ఏం దక్కింది అనేది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు అవును అయినా రెండోదాని విలువ తగ్గదు. ఎద్దును బరిలోకి దించిన రైతుకూ గర్వం ఉంటుంది. ఆ గర్వమే మరుసటి ఏడు పక్క ఊరి రైతు చేత తన దూడకు మంచి మేత పెట్టిస్తుంది. గర్వం చెడ్డదని చెప్పి ప్రదర్శన ఆపితే, మిగిలేది గర్వం లేని సమాజం కాదు, పరీక్షకు నిలబడని గర్వం.

2. "కంపెనీలు చూపిస్తున్నాయి కదా"

కొత్త బండి చూపించేవాడు దాన్ని అమ్మేవాడు. అందులో తప్పేమీ లేదు. కానీ అతను చూపించేది ఇంకా రోడ్డెక్కని బండి. ధర చెబుతాడు, మైలేజీ చెబుతాడు, నెలకు కంతు ఎంతో చెబుతాడు. పదిహేనేళ్ల తర్వాత ఈ బండికి విడిభాగాలు దొరుకుతాయా, ఏ భాగం ముందు అరుగుతుంది, పల్లె మెకానిక్కు చేతికి లొంగుతుందా లేదా అనేవి అతను చెప్పలేడు. చెప్పడం అతని పని కూడా కాదు. గోవిందపల్లె నుంచో ఎర్రగుంట్ల నుంచో వచ్చి అప్పు చేసి బండి కొనే రైతుకు కావాల్సింది మాత్రం ఆ జవాబులే. అవి ఒక్కడి దగ్గరే దొరుకుతాయి. బండిని ఇరవై ఏళ్లు నడిపి, విప్పి, బిగించినవాడి దగ్గర. అతను బండి పక్కన నిలబడి ఉంటాడు గనక సభ్యుల బళ్ల ప్రదర్శనకు విలువ. అతనికి అమ్మే అవసరం లేదు కాబట్టి బండి లోపాలు కూడా దాచకుండా చెబుతాడు.

ఈ సంగతి వేరే దేశాల్లో ఎప్పుడో గుర్తించారు. బ్రిటన్‌లో వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ 1946లో పుట్టింది, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడే. కొత్త బళ్లు దొరక్క జనం అల్లాడుతున్న రోజుల్లో, పాత బళ్లను తుక్కు కానివ్వకుండా కాపాడుకోవాలని కూడినవాళ్లు వాళ్లు. స్టాఫర్డ్‌లో జరిగే పాత మోటారు సైకిళ్ల ప్రదర్శనలో ఇవాళ్టికీ క్లబ్బులకు విడిగా చోటిస్తారు. ఏ క్లబ్బు బాగా అమర్చిందో చూసి బహుమతులు కూడా ఇస్తారు.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే జరిగిన కథ చూడండి. ఐడియల్ జావా కంపెనీ మైసూరులో 1961లో జావా బళ్లు తయారు చెయ్యడం మొదలుపెట్టింది. 1973 నుంచి అవి యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఆ పేర్లకు షోరూము లేదు, ప్రకటన లేదు, సర్వీసు కేంద్రం లేదు. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు కొత్త యాజమాన్యం చేతుల్లో మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. మధ్యలో ఆ పేర్లను ఎవరు బతికించారు? ఏడాదికోసారి పొద్దున్నే లేచి, బండి తుడుచుకుని, మైదానంలో నిలబెట్టినవాళ్లు. ఆ ఇరవై రెండేళ్లూ "ఎందుకయ్యా ఈ షోకు" అన్న మాటకు వాళ్లు తలొగ్గి ఉంటే తిరిగి తేవడానికి పేరే మిగిలేది కాదు. కంపెనీలు చూపిస్తాయిలే అనేవాళ్లు ఈ వరసను తలకిందులు చేసి చూస్తున్నారు. కంపెనీ వదిలేసినదాన్ని సభ్యులు నిలబెడితే, దాని మీద కంపెనీ మళ్లీ వ్యాపారం చేసుకుంది.

3. "మ్యూజియంలో పెట్టండి"

మర్యాదగా వినిపించే అభియోగం ఇది. నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది కూడా ఇదే.

ముందు భద్రత సంగతి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర నేషనల్ మోటార్ సైకిల్ మ్యూజియం ఉంది. 2003 సెప్టెంబరులో అక్కడ మంటలు లేచి దాదాపు 380 బళ్లు కాలిపోయాయి. 2021 జనవరిలో ఆస్ట్రియా ఆల్ప్స్ కొండల్లోని మరో మోటారు సైకిళ్ల మ్యూజియం కాలిపోయి రెండొందలకు పైగా పాత బళ్లు బూడిదయ్యాయి. డబ్బుకూ జాగ్రత్తకూ లోటు లేని దేశాల్లోనే ఇలా జరిగింది. ఉన్నవన్నీ ఒకే కప్పు కింద పోగేస్తే ఒక్క రాత్రిలో అన్నీ పోవచ్చు. వందమంది సభ్యుల ఇళ్లలో ఉన్న వంద బళ్లు ఒకేసారి పోవు. బర్మింగ్‌హామ్‌లో కాలినవాటిలో చాలా బళ్లను మళ్లీ నిలబెట్టగలిగారు. అది ఎలా సాధ్యమైంది? ఆ బళ్లను విప్పడం, బిగించడం తెలిసిన చేతులు మ్యూజియం గోడల బయట ఉండబట్టి.

ఇక అసలు సంగతి. మోటారు సైకిలు విగ్రహం కాదు. కదలని ఇంజనులో రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, కార్బొరేటరులో పెట్రోలు జిగురులా పేరుకుంటుంది, రింగులు సిలిండరుకు పట్టేస్తాయి. అద్దం వెనక నిలబెట్టిన బండి పైకి మెరుస్తూ లోపల చస్తుంది.

నా దగ్గర ఒక యెజ్డీ రోడ్‌కింగ్ ఉంది. ఒక ఆదివారం ఇంటి ముందు దాన్ని తుడుస్తుంటే పక్క వీధి పిల్లవాడు, పదో తరగతి చదివేవాడు, వచ్చి నిలబడ్డాడు. పెట్రోలు కుళాయి తిప్పి, కార్బొరేటరు మీదున్న చిన్న బొడిపెను వేలితో రెండు మూడుసార్లు నొక్కాను. పెట్రోలు చెమ్మగా పైకి ఉబికింది. గేరు వేసే రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పాను.

"అన్నా, అది గేరు రాడ్డు గదా?"

"కిక్కు రాడ్డు కూడా అదే అబ్బీ."

వాడు నమ్మలేదు. తొక్కి చూపించాను. బండి అందుకుంది. వాడు మోకాళ్ల మీద కూర్చుని ఆ రాడ్డు లోపలికి ఎలా పోతోందో, లోపల ఏం పట్టుకుని తిరుగుతోందో అరగంట అడిగాడు. వాడి పుస్తకంలో ఇంజను బొమ్మ ఉంది, దాని కింద నాలుగు మార్కుల ప్రశ్న ఉంది. కానీ ఒకే రాడ్డుతో రెండు పనులు చేయించాలని ఆలోచించిన మనిషి బుర్ర వాడికి ఆ రోజే కనబడింది. ఆ బండి అద్దం వెనక ఉండి, పక్కన "ముట్టుకోరాదు" అనే బోర్డు ఉండి ఉంటే వాడు ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాడు.

పాత బుల్లెట్టును కిక్కు కొట్టేటప్పుడు యాంపియరు మీటరు ముల్లును చూస్తూ, డీకంప్రెషరు పట్టుకుని పిస్టనును సరైన చోటికి తెచ్చుకోవడం కూడా ఇలాంటిదే. అది తెలియకుండా తొక్కితే కాలు విరిగేలా వెనక్కి తంతుంది. ఈ విద్య చదివితే రాదు. బండి ఉండాలి, బండి నడవాలి, పక్కన దాన్ని నడిపే మనిషి ఉండాలి. మ్యూజియం మొదటిది ఒక్కటే ఇస్తుంది. సభ్యుల ప్రదర్శన మూడూ ఇస్తుంది.

4. "డబ్బున్నవాళ్ల సరదా"

ముందుగా ఒకటి గమనించండి. టీ కొట్టు ముందు మొదట అన్న మాటలో ఇవి సింగారం అక్కర్లేని పాత ఇనుము. నాలుగోదానికి వచ్చేసరికి ఇవి డబ్బున్నవాళ్లు మాత్రమే కొనగలిగే ఖరీదైన వస్తువులు. ఒకే మనిషి ఒకే టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు రెండు మాటలూ అంటాడు. రెండూ ఒకేసారి నిజం కావు.

నిజం ఎంతవరకో అంతవరకు ఒప్పుకుంటాను. యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. ఇవాళ బాగున్న ఆర్‌ఎక్స్ 100 ధర కొత్త బండి ధరతో పోటీపడుతోంది. ఆర్‌డీ 350 అయితే ఇంకా పైన. కానీ ఆ ధర ప్రదర్శన వల్ల పెరిగింది కాదు. సరుకు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ఈ రెంటి మధ్య మోసం దూరింది. ఆ మోసాన్ని నేనే అనుభవించాను. కొన్నేళ్ల కిందట ఒక పాత బళ్ల వ్యాపారి దగ్గర ఆర్‌ఎక్స్ 100 కొన్నాను. "అంతా ఒరిజినల్" అన్నాడు, కాగితాలు చూపించాడు, రంగు మెరిసిపోతోంది. ఏడాది తర్వాత పాత బళ్ల వరసలో నిలబెడితే, ఆ బళ్లు తెలిసిన ఒక పెద్దమనిషి వంగి చూసి ఏమీ అనకుండా చేతి గుడ్డతో ఇంజను అడుగుభాగం తుడిచాడు. అంకెలు పాత అచ్చును అరగదీసి కొత్తగా కొట్టినవి. ఇంజను వేరే బండిది. నా ముప్పై ఏళ్ల బండి అనుభవం పట్టుకోలేనిది, పది బళ్లు పక్కపక్కన నిలబడేసరికి ఐదు నిమిషాల్లో బయటపడింది.

అలాంటి మోసానికి మందు ఏది? ఎవరి బండిని వాళ్లు కొట్టంలో పెట్టుకోవడమా, పదిమంది ముందు నిలబెట్టి పోల్చి చూడటమా? ప్రదర్శన లేకపోతే లాభపడేది పేదవాడు కాదు, అంకెలు మార్చి అమ్మేవాడు.

పల్లెకు పనిలేదనే మాట మరీ అన్యాయం. ఈ ప్రాంతంలో పాత బండిని పట్టుకుని ఉన్నవాళ్లు ఎవరు? రిటైరైన టీచరు, పోస్టుమాన్, పొలం తప్ప మరో ఆస్తి లేని రైతు. తండ్రి ఎక్కిన బండి కాబట్టి అమ్మలేక ఉంచుకున్నవాళ్లు. వాళ్ల బళ్లకు వరసలో చోటివ్వకపోవడమే తప్పు, వరస కట్టడం తప్పు కాదు. పల్లె చరిత్ర బుల్లెట్టు మీద నడిచిందానికంటే మోపెడ్ మీద నడిచింది ఎక్కువ. 1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50 ముందు పాల క్యాన్లు, వెనక పచ్చిగడ్డి మోపు మోసి ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో కుందూ నది ఒడ్డు ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. 1972లో వచ్చిన లూనా ఎక్కి బడికి పోయిన టీచరమ్మలు ఉన్నారు.

ఇంకొక పేరు చెబుతాను: సువేగా. నంద్యాలలో పాతికేళ్ల లోపు కుర్రాళ్లను అడిగి చూడండి, ఎవరికీ తెలియదు. అది మన రాయలసీమ బండి. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా కంపెనీ, ఫ్రాన్సుకు చెందిన మోటోబెకాన్ సహకారంతో 1960లలో తయారు చేసిన మోపెడ్. మా నేలలో పుట్టి దేశమంతా తిరిగిన బండి మా పిల్లలకు తెలియకుండా పోయింది. ఎందుకు తెలియదంటే ఎవరూ నిలబెట్టి చూపించలేదు. ఒంగోలు ఎద్దు కథ వేరు. మన ఆంధ్ర నుంచి పోయిన ఆ జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో మందలు మందలుగా పెరిగి ఆ దేశపు పశుసంపదకు వెన్నెముక అయింది. ఇక్కడ అది కళ్లముందు మిగిలిందంటే బండలాగుడు బరులు చేసిన మేలు చాలా ఉంది. చూపించిన జాతి నిలిచింది. చూపించని సువేగా తుక్కు కొట్టు చేరింది.

5. "కుర్రాళ్లు చెడిపోతారు, పొగ కూడా"

ఈ అభియోగాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. మా ఊరి పక్కనే 40వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఆ రోడ్డు మీద ఏమేం జరిగిందో మా వీధిలో ప్రతి ఇంటికీ తెలుసు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. ఈ లెక్క చూసి భయపడే తల్లిదండ్రుల భయం న్యాయమైనది.

కానీ ఆ భయాన్ని తెచ్చి నిలబడి ఉన్న బండి మీద మోపడం న్యాయం కాదు. ప్రదర్శన వేరు, ఊరేగింపు వేరు. సైలెన్సరు కోసి, హెల్మెట్ లేకుండా, ఎన్నికల ర్యాలీల్లోనూ ఊరేగింపుల్లోనూ అరుచుకుంటూ పోయే బళ్లను చూసి, వాటి తప్పును మైదానంలో స్టాండు వేసి నిలబెట్టిన బండి ఖాతాలో రాస్తున్నారు. డ్రమ్ము బ్రేకులున్న పాత బండి ఎంత దూరంలో ఆగుతుందో దాన్ని నడిపేవాడికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఏళ్లు పట్టి నిలబెట్టుకున్న బండిని ఎవడూ పందేనికి తియ్యడు. పాడైతే ఆ భాగం మళ్లీ దొరకదు.

మోత సంగతి ఇంకా తేలిక. బండి కంపెనీ చేసిన తీరునే ఉండాలని చట్టం ఇప్పటికే చెబుతోంది. కంపెనీ చెప్పిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. క్లబ్బు ప్రదర్శనలో మెప్పు దేనికి దక్కుతుంది? మార్పులు లేని అసలు బండికే. సైలెన్సరు మార్చిన బండిని అందరి ముందు తక్కువ చేసి చూసే చోటు మొత్తం సమాజంలో అదొక్కటే. కుర్రాడు సైలెన్సరు కొయ్యడం సెల్‌ఫోన్ వీడియోల్లో నేర్చుకున్నాడు. కొయ్యకపోవడమే గొప్ప అని వాడికి ఇంకెక్కడ నేర్పుతారు?

పొగ గురించి నిజం ఒప్పుకుంటాను. ఈ పాత బళ్లలో చాలావాటికి ఉన్న టూ స్ట్రోక్ ఇంజను పెట్రోలుతోపాటు ఆయిలు కూడా కాలుస్తుంది, కాలని పెట్రోలునూ కొంత బయటికి వదులుతుంది. అందుకే కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ ఆ ఇంజన్లు మార్కెట్ నుంచి తప్పుకున్నాయి. తప్పుకోవడం సరైనదే. వాటిని రోజూ రోడ్డెక్కించాలని నేను అడగడం లేదు. ఏడాదిలో నాలుగు ఆదివారాలు బయటికి తీసే బండిని రోజూ నంద్యాల రోడ్ల మీద నల్లటి పొగ చిమ్మే ఆటోల పక్కన నిలబెట్టి, ఎవరి పొగ ఎంతో తూచి మాట్లాడమంటున్నాను.

మరి ప్రభుత్వం ఏమంది? 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించి, యాభై ఏళ్లు దాటి, మౌలికంగా మార్చకుండా ఉన్న ద్విచక్ర వాహనాలకూ కార్లకూ వింటేజ్ రిజిస్ట్రేషన్ కల్పించింది. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము పెట్టింది. రోజువారీ తిరుగుడుకూ వ్యాపారానికీ వీల్లేదంది. ప్రదర్శనకూ, సాంకేతిక పరిశోధనకూ, వింటేజ్ ర్యాలీకీ, మరమ్మతుకూ, పెట్రోలు పోయించడానికీ మాత్రం నడపవచ్చంది. అంటే పాత బండికి మిగలాల్సిన పని ఏదో చట్టమే చెప్పింది. ఆ పని ప్రదర్శన. చట్టం గుర్తించినదాన్ని టీ కొట్టు వాదన కాదంటే సరిపోదు.

మరి ఏం చెయ్యాలి?

ఖండించి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. నేను కోరేది స్పష్టంగా చెబుతాను.

నంద్యాల జిల్లాలో ఎక్కడ పెద్ద తిరునాళ్ల జరిగినా, బండలాగుడు బరి పక్కనే ఒక పూట బళ్ల వరస ఉండాలి. జనం ఎలాగూ వస్తారు, విడిగా ఖర్చు అక్కర్లేదు. క్లబ్బులో సభ్యత్వం ఉన్నా లేకున్నా బండి ఉన్నవాడికి చోటివ్వాలి. బుల్లెట్టు, యెజ్డీ, రాజ్‌దూత్ ఒక వరస అయితే సువేగా, లూనా, టీవీఎస్ 50 ఇంకొక వరస. ఎద్దులకు పళ్లను బట్టి విభాగాలున్నట్టు బళ్లకు వయసును బట్టి విభాగాలు ఉండాలి. బండి పక్కన యజమాని ఉండాలి, అడిగితే స్టార్టు చేసి చూపించాలి. సైలెన్సరు మార్చిన బండినీ, హెల్మెట్ లేకుండా వచ్చినవాడినీ గేటు దగ్గరే వెనక్కి పంపాలి. ఏది అసలు, ఏది మార్చినది అనేది ఒక అట్టముక్క మీద రాసి హ్యాండిలుకు కట్టాలి.

ఆ అట్ట మీద మరో వరుస తప్పనిసరిగా ఉండాలి: ఈ బండిని నిలబెట్టిన మెకానిక్కు పేరు, ఊరు.

నేను దీని మీద పట్టుబట్టడానికి కారణం ఉంది. నా యెజ్డీని చూసే మెకానిక్కు డెబ్బై దాటిన మనిషి. ఆయనను అందరం భాయ్ అని పిలుస్తాం. స్పార్కు సమయం తేల్చే పాయింట్లు సెట్ చేసేటప్పుడు మీటరు వాడడు. సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం చింపి రెండు పాయింట్ల మధ్య పెడతాడు. ఒక చేత్తో కాగితాన్ని ఊపిరంత బలంతో లాగిపట్టి, రెండో చేత్తో మాగ్నెట్టును వెంట్రుకవాసి వెంట్రుకవాసి తిప్పుతాడు. ఒక చోట కాగితం జారుతుంది. "ఇక్కడ" అంటాడు. అక్కడ బిగించిన బండి మళ్లీ ఏడాది దాకా ఆయన దగ్గరికి రాదు. ఆ కాగితం ఎక్కడ జారుతుందో చేతికి తెలియడానికి ఆయనకు యాభై ఏళ్లు పట్టింది. ఆయన కొడుకు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. షెడ్డులో నేర్చుకునే పిల్లవాడు లేడు. పాత బళ్లు కొట్టాల్లో దాక్కుంటే ఆ పని ఎవరికీ కనబడదు, కనబడని పనిని ఎవడూ నేర్చుకోడు. ఆయనతోనే అది పోతుంది. పోయిన రోజున అది వార్త కూడా కాదు.

ఎద్దుల జత బరిలో దిగినప్పుడు మైకులో దాన్ని సాకినవాడి పేరు మోగుతుంది. భాయ్ నిలబెట్టిన బళ్లు ఈ ప్రాంతంలో ఎన్ని నడుస్తున్నాయో లెక్క లేదు. ఆయన పేరు ఏ మైకులోనూ ఇప్పటిదాకా వినిపించలేదు. వచ్చే తిరునాళ్లలో నా బండిని వరసలో పెడతాను, హ్యాండిలుకు ఆయన పేరు కడతాను. షోకు అనేవాళ్లు వచ్చి ముందు ఆ పేరు చదవాలి. ఆ తర్వాత కూడా షోకే అనిపిస్తే, ఆ మాట ఆయన ఎదుట నిలబడి అనాలి.